మాట్లాడని కె

గురువారం రాత్రి. ఫ్రిజ్ తలుపు మీద
అయస్కాంతం కింద పది మాటల కాగితం.
తెల్లారితే పరీక్ష.

బల్లకి ఆ పక్క ఏలీ, ఏడేళ్లది,
కుర్చీలో కూచుంటే కాళ్లు నేలకి అందవు.
ఈ పక్క నేను,
పీటర్‌హెడ్ రేవులో పద్దెనిమిదేళ్లుగా చేపలు కోసేవాణ్ని,
ఎంత తోమినా హాడక్ వాసన వదలని చేతులతో
పెన్సిల్ చెక్కుతున్నాను.

"నైఫ్" అన్నాను.
ఎన్, ఐ, ఎఫ్, ఇ అని రాసింది.
తప్పేమీ కనిపించలేదు నాకు.
కాగితం చూస్తే ముందర ఒక కె ఉంది,
పిలవని పేరంటానికొచ్చి
గుమ్మంలోనే ఆగిపోయినట్టు.

"అదేం చేస్తుంది నాన్నా అక్కడ?"
"నిలబడుతుంది."
"ఎందుకు?"
ఎందుకో నాకు తెలిస్తే
బడిలో అన్ని మధ్యాహ్నాలు గోడకేసి నిలబడేవాణ్నా?

"మీ తాత లాగే" అన్నాను చివరికి.
"పడవ ముక్కు దగ్గర నిలబడేవాడు.
వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక్క మాట లేదు.
ఆయన ఎక్కని రోజు మాత్రం
ఎవరూ తాడు విప్పేవాళ్లు కాదు."

చూడు, పలుకు, మూసెయ్, రాయి, సరిచూడు:
ఇది గెడ్డీస్ టీచరు పంపిన పద్ధతి.
మూసెయ్ దగ్గర నా అరచెయ్యి చాలు,
పది మాటలూ దాని కిందే దాక్కుంటాయి.
వేళ్ల సందుల్లోంచి తొంగి చూస్తుంది దొంగపిల్ల.
చూడనట్టు నేను కిటికీ వైపు తిరుగుతాను.

"నీ" అంటే దోక్కుపోయిన మోకాలు చూపించింది.
"నాట్"కి గరాజులోంచి తాడు తెచ్చాను,
ముడి నాలుగోసారికి బిగిసింది,
అక్షరాలు ఆరోసారికి.
"నాక్"కి బల్ల మీద ఎంత గట్టిగా కొట్టిందంటే
పక్కింటి మిసెస్ బుకన్ గోడకి బదులు కొట్టింది.

ఎనిమిదింటికి మోరాగ్ ఫోను,
నడిసముద్రంలో చమురు బావి మీంచి.
అక్కడ తొంభై మందికి వండుతుంది,
ఇంకా పదకొండు రోజులకి గాని రాదు.
వెనక గాలి ఈల వేస్తోంది.
"అమ్మా, మాట్లాడని అక్షరాలు నాకొద్దు."
"నీ పేరు చివర ఏమున్నాయే?"
"డి, హెచ్."
"ఎప్పుడైనా నోరు విప్పాయా?"
ఏలీ చాలాసేపు ఆలోచించింది.
"లేదు. కానీ నావే."

నిద్రపోయే ముందు
కెటిల్ ఆవిరి పట్టిన అద్దం మీద
వేలితో ఒక పెద్ద కె రాసింది.
దాని కాళ్ల నుంచి నీళ్లు కారుతుంటే
నవ్వి వెళ్లి పడుకుంది.

శుక్రవారం పదికి తొమ్మిది.
పోయింది ఒకే ఒక్కటి, "నో."
తెలుసు అని రాయాల్సిన చోట
కె మరిచిపోయి ఎన్, ఓ, డబ్ల్యూ అని రాసింది.
టీచరు కింద చిన్నగా రాసింది:
ఇది "నౌ" అయింది, బంగారూ.

బండి స్టార్టు చెయ్యకుండా
ఆ కాగితం పట్టుకుని కూచున్నాను.
నోరెత్తనిది ఒక్కటి జారిపోతే
"తెలుసు" కాస్తా "ఇప్పుడు" అయిపోతుందని
నలభై ఒకటో ఏట తెలిసింది నాకు.
వెనక సీట్లో ఏలీ
మిగిలిన తొమ్మిదీ గట్టిగా చదువుతోంది,
బెల్టు పెట్టుకోమంటే వినదు.

సోమవారం తెల్లవారుజామున నాలుగు.
కోత గదిలో సామాన్ల బోర్డు మీద
ఎన్నాళ్లగానో నా చేతిరాత:
చాకులు ఆరు, మొద్దుబారాయి.
ఎన్‌కీ చెక్క అంచుకీ మధ్య చోటు లేదు.
సుద్దముక్క నిలువుగా పట్టుకుని
ఎలాగో ఒక కె ఇరికించాను.
సగం చెక్క మీదికెక్కింది.

"ఏంటది?" అన్నాడు స్ట్రాకన్ బూట్లు తొడుక్కుంటూ.
"ఎప్పట్నుంచో ఉంది" అన్నాను.
"నువ్వు చూడలేదు."
చేపల పెట్టెలు అప్పుడే లోపలికొస్తున్నాయి.