స్టేజీలు

డ్యాం నీళ్ళు పదిహేడు డిగ్రీలని మైకులో చెప్పినారు.
పదిహేడంటే ఎంత సలో నాకు తెలీదు.
నాకు తెలిసిన పదిహేడు
రంగంపేట నుంచి కనుమ దాటేదాకా ఒకప్పటి ఛార్జీ.

బెంగుళూరోళ్ళు
మెడ నుంచి మడమ దాకా నల్ల రబ్బరు తొడుక్కొని
గట్టు మీద నీటికాకుల మాదిరి నిలబడుండారు.
నాకుండేది మునిసిపల్ పూల్‌లో మూడేళ్ళు నాని
రంగు పోయిన నీలం డ్రస్సు,
భుజాన స్కెచ్ పెన్నుతో రాసిన 217.

మేకల్ని తోలుకొచ్చిన ముసలామె అడిగింది:
"యాడికి మే, ఈ సలిలో?"
"అవతలి గట్టుకు."
"ఆడ ఏముంది?"
"ఏమీ లేదవ్వా. తిరుక్కోని రావాల."

విజిల్ పడింది.
నీళ్ళు నన్ను మోకాళ్ళ దగ్గర అడిగినాయి,
కడుపు దగ్గర గట్టిగా అడిగినాయి,
గొంతు దగ్గర ఇంక అడగలా, లాక్కున్నాయి.
ఊపిరి లోపలికి పోయి తలుపేసుకునింది.
ఇరవై రెండేళ్ళు కిక్కిరిసిన బస్సులో
"లోపలికి జరగండి, జరగండి" అని అరిచిన గొంతు
దాన్ని బతిమాలతా ఉంది:
జరుగమ్మా, ఇంకొక్కదానికి చోటియ్యి.

ఎవరి కాలో దవడకు తగిలింది.
ఎవరో నా వీపు మీంచే పోయినారు.
అది నాకు లెక్కలేదు,
గంగజాతర రోజు సర్వీసులో ఇంతకంటే తొక్కినారు.
ఆ నారింజ బెలూనే,
ఎంత ఈదినా దగ్గరికి రానని ఒట్టు పెట్టుకునింది.

ఒడ్డుకొచ్చినాక హెల్మెట్టు క్లిప్పు పడలా.
చీకట్లో తడిమి
ఐదు బిళ్ళో పది బిళ్ళో చెప్పే వేళ్ళు
నావి కాకుండా పోయినాయి.
పక్కన ఒక పిల్లోడు, ఇరవై ఉంటాయేమో,
పండ్లు పటపటమంటా
నా గడ్డం కింద తడుముతా ఉండాడు.
వాని వేళ్ళూ చచ్చిపోయుండాయి.
నాలుగు చేతులు కలిస్తే
ఒక చెయ్యి పని జరిగింది.
టక్.
పేరడిగే లోపల సైకిలెక్కేసినాడు.

భాకరాపేట కనుమ నాకు కొత్తా?
ఏ మలుపులో ఏ బిడ్డ కక్కుతుందో
యాడ కవరు అందియ్యాలో తెలుసు.
కాకపోతే ఎప్పుడూ దాన్ని
డ్రైవరుకు వీపు పెట్టి, జనానికి మొగం పెట్టి
ఎనక్కి చూస్తానే ఎక్కినా.
ముందుకు చూస్తా ఎక్కితే
ఇది వేరే కొండ.
ఉండే గేర్లన్నీ అయిపోయినా
ఇంకొక చిన్న గేరు కోసం బొటనవేలు ఎతకతానే ఉంది.

ఎనకమాల మదనపల్లి సర్వీసు.
హారను వినంగానే చెంగల్రాయుడన్నని తెలిసిపోయింది.
పక్కకొచ్చి బండి నెమ్మది చేసినాడు.
బస్సంతా కిటికీలకు వాలింది.
"ఎక్కుతావా మే? నీకు పాసుండాది కదా!"
"రైట్ రైట్, పో అన్నా!"
ఆ రెండు మాటలకే ఉన్న ఊపిరంతా పాయ.
మన బస్సు పొగ ఇట్లుంటుందని
ఇన్నేళ్ళకు తెలిసింది.

దిగినాక పరుగు.
ఎర్రచందనం చెక్‌పోస్టు కాడ గార్డు
టీ గ్లాసు పట్టుకొని లేచి నిలబడినాడు,
నన్ను ఆపాల్నా వద్దా అని.
మూడో కిలోమీటరులో కాలివేళ్ళు
నిద్రలేచి స్టేజీ అడిగే ప్యాసింజర్ల మాదిరి
ఒక్కొక్కటే తిరిగొచ్చినాయి.
రాకుండా ఉంటేనే బాగుండు, అంత నొప్పి.

నేను పోయేసరికి
ఆర్చికి గాలి తీసేస్తా ఉండారు.
"కటాఫ్ దాటి నాలుగు నిమిషాలండీ" అని
ఒక అబ్బి బాధగా చెప్పినాడు.
మా డిపోలో దాన్ని రైట్ టైమంటారు నాయనా, అన్నా.
నవ్వినాడు గానీ రాసుకోలా.
అరటిపండు ఇచ్చినాడు.
తొక్క తీసే బలం లేక
చేతిలో పట్టుకొని చానాసేపు కూర్చున్నా.

సోమవారం, ఫస్టు సర్వీసు.
డ్యాం మలుపు దగ్గర నేను తల తిప్పలా.
ముందు సీటు పెద్దాయన
అరచేతిలో చిల్లర పోసినాడు.
లైటు వెయ్యకుండానే తడిమినా:
ఐదు. పది. పది.
ఇంకొకటి, ఏదో తెలీలా,
సల్లగా ఉంది.