అయస్కాంతం తాకని రాయి

ఇట్టో రెండు రాళ్ళు తెచ్చింది,
తగునీత్ నుంచి రాత్రంతా బస్సులో, ఒళ్ళో పెట్టుకుని.
ఒకటి ఎర్ర తలగుడ్డలో,
ఒకటి పంచదార దిమ్మకి చుట్టే నీలికాగితంలో.
తెల్లారేదాకా కాసాబ్లాంకాలో మా ప్రయోగశాల
మెట్ల మీదే కూర్చుందట, వాచ్‌మన్ చెప్పాడు.

నేను డాక్టరును కాను.
రాళ్ళు కోసేవాణ్ణి, అరగదీసేవాణ్ణి.
ఇరవై ఆరేళ్ళుగా ఒకటే పని:
వెలుతురు దాటిపోయేంత పలచగా రాయిని చెయ్యడం.
కార్బొరండం పొడి నా వేలిముద్రల్ని ఎప్పుడో తినేసింది.
గుర్తింపు కార్డు ఆఫీసులో యంత్రం
నేను నేను కాదని మూడుసార్లు చెప్పింది.

"ఇది ఆకాశంది," అంది ఎర్రగుడ్డ విప్పి.
"మేకలు బెదిరి కంచె తెంచుకున్న రాత్రి పడింది.
అదీ ఆకాశందేనని మా మరిది పంతం."

మొదటిదానికి నల్లటి పొర, గుడ్డుపెంకంత మందం.
విరిగినచోట బూడిదరంగులో ఇనుప నలుసులు.
కోసి, గాజుపలకకి అంటించి, చక్రం మీద పెట్టాను.
వెంట్రుకలో సగమైనా ఉండకూడదు.
ఇంకొక్క తిప్పు తిప్పామా,
రాయి ఉండదు, గాజే ఉంటుంది.
అలా ఒకసారి పోగొట్టాను. ఎవరిదో అడక్కండి.

ఘిజ్లాన్ సూక్ష్మదర్శిని సరిచేసి, చూడమంది.
ఒంటికన్ను మూయడం రాక
అరచేత్తో కప్పుకుంది ఇట్టో.
చీకట్లో గుండ్రటి బొట్లు:
ఒలివిన్ పసుపు, ఊదా, నెమలిమెడ నీలం,
పక్కన విసనకర్రలా విచ్చుకున్న పైరాక్సీన్.
పలక తిప్పితే ఒక్కొక్కటీ ఆరి, మళ్ళీ వెలిగి.

"భూమి ఇంకా లేనప్పుడు కరిగి చల్లారిన చుక్కలివి."
"చల్లారడానికి ఎంతసేపు?"
"కొన్ని గంటలు."
"అంతేనా!
మరి మిగతా కాలమంతా ఏం చేసింది?"

ఘిజ్లాన్ జవాబు చెప్పలేదు.
వేరే ప్రశ్న వేసింది: అయస్కాంతం పెట్టారా దీనికి?

"పెట్టకుండా ఎవరు కొంటారు?
ఎర్ఫూద్ వ్యాపారి కర్రకి కట్టుకుని తిరుగుతాడు.
టక్కున అంటుకుంది. ధర పెంచాడు."

ఘిజ్లాన్ కలం ఆగిపోయింది.
చల్లారే రోజున చుట్టూ ఏ అయస్కాంత బలం వీచిందో
ఇనుము గుర్తుపెట్టుకుంటుంది.
నాలుగువందల యాభై కోట్ల ఏళ్ళు మోసుకొచ్చినది
చెవిపోగంత ముక్క ఒక్క ముద్దుతో తుడిచేసింది.
నికెల్ ఉంది, గంధకం ఉంది, అన్నీ ఉన్నాయి లెక్క ప్రకారం.
అదొక్కటే లేదు.

రెండోదాన్ని ఏ వ్యాపారీ తాకలేదు, చూపుకి ఆనక.
బొక్కలు బొక్కలుగా, గాలిబుడగలు పేలిన నలుపు.
నేనే దాన్నీ అరగదీశాను, సాయంత్రమైంది.
మళ్ళీ అదే ఒలివిన్! అవే రంగులు!
నా గుండె ఒక్క క్షణం ఎగిరింది, ఒప్పుకుంటాను.
మర్నాడు ఇనుమునీ మాంగనీసునీ పక్కపక్కన తూస్తే
ఆ నిష్పత్తి భూమిదే.
నికెల్ కలిసిన ఇనుప నలుసు ఒక్కటీ లేదు.
ఏ కొండో కక్కిన బసాల్టు.

"మరిది ఓడాడు," అని ఇట్టో నవ్వింది.
ఏడుస్తుందనుకున్నాను నేను.

"కానీ దీనికి జ్ఞాపకం చెడలేదు," అంది ఘిజ్లాన్.
"చల్లారిన నాటి ఉత్తరం లోపల అలాగే ఉంది.
ఇది కొండలో ఎటు తిరిగి ఉండేదో తెలుసా?"

ఎవరికి తెలుసు?
పెళ్ళయి వచ్చేటప్పటికే గుడారం అంచు మీద
బరువుగా ఉందట. అంతకుముందు అత్తగారి గుడారం మీద.

ఉత్తరం ఉంది.
చిరునామా లేదు.

మొదటిదాన్ని తూచాం, కాగితాలు రాశాం,
మా ముక్క మేం ఉంచుకున్నాం, మిగతాది అమ్మింది.
మంచి ధరే వచ్చింది, రెండు ఒంటెలకి సరిపడా.
రెండోది మళ్ళీ నీలికాగితంలోకి వెళ్ళింది.
"గాలికాలం వస్తోంది," అంది, "అంచు ఎగిరిపోతుంది."

బస్టాండుదాకా వెళ్ళాను.
ఎక్కబోతూ ఆగి అడిగింది:
"బస్సులో అయస్కాంతం ఉంటుందా?"

డ్రైవరు తలపైన పాటల పెట్టెలో ఉంటుందేమో అన్నాను.
అంత దూరం నుంచి ఏమీ కాదనీ అన్నాను.

వినిపించుకోలేదు.
పొట్లాన్ని పొట్టకి హత్తుకుని
చిట్టచివరి సీటు దాకా నడిచింది.