శబ్దం తీసేయాలా?

బ్యాగుల అన్నీ ఉన్నయి.
ఇటుకంత బరువున్న పవర్ బ్యాంకు,
అరచేతిల పట్టే ప్రింటరు
(ఎండ తగిలితే దాని కాగితం నల్లబడుతది),
ఫోన్ల రెండు సిమ్ములు:
ఒకటి ఇవతలి ఒడ్డుది, ఒకటి అవతలి ఒడ్డుది.
ఇగ చెవులకు శబ్దం మింగే రెండు గుళ్ళు.
మొన్న ప్రమోషన్ రానప్పుడు
నాకు నేనే కొనిచ్చుకున్న.

బల్లార్షాల బస్సెక్కి గుళ్ళు పెట్టుకుంటే
కిటికీ రేకులు కొట్టుకునుడు ఆగింది,
కండక్టర్ పెదవులు ఉత్తగ ఆడినయి.
నాగపూర్ సారు ఒక్కడే మిగిలిండు చెవుల:
"ఇయ్యాల పద్దెనిమిది క్లెయిములు, మేడం."
ఆలాపల్లి కాడి నుంచి సీటు లేదు,
మణికట్టు మీది గడియారం వణికి చెప్పింది:
చాలాసేపు కూర్చున్నావు, లేచి నిలబడు.

సిరొంచల దిగంగనే
పక్క రాష్ట్రం స్వాగతం పలికింది ఫోన్ల.
నేను ఇంకా వంతెన ఎక్కనే లేదు.

పదకొండో క్లెయిము. జాడి బుచ్చక్క.
మూడెకరాల మిర్చి, ఇప్పుడు మూడెకరాల ఒండ్రు.
నిలబడ్డ చోటు నాలుగు మీటర్ల తేడాతో పట్టింది ఫోను.
మాట పట్టి మరాఠీల రాసే సర్వీసు తెరిచి
ఆమె ముందర పెట్టిన. చెప్పమ్మా.

"కుక్క సుత మొరగలే, బిడ్డా.
ఎప్పుడొచ్చినా అరుసుకుంట వచ్చేది ప్రాణహిత,
ఈసారి దొంగ లెక్క వచ్చింది.
మంచం కోడు తడిసినంక లేసిన.
తోటలకు ఉరికితే మోకాటికి నీళ్ళు,
నీళ్ళల్ల కాలికి కాయలు తగుల్తున్నయి,
పచ్చికాయలు, సల్లగ.
అవ్వి ఇంకా చెట్టుకే ఉన్నయి.
ఇప్పుడు మొత్తుకుంటది సూడు,
అంతా అయినంక."

నాలుగు నిమిషాలు మాట్లాడింది.
తెర మీద ఒక్క వాక్యం పడ్డది:
రాత్రి నీరు వచ్చింది, పంట నష్టం.
కింద కారణాలు: వరద, వడగండ్లు, తెగులు, ఇతరములు.
వరద నొక్కిన. పచ్చ టిక్కు.
ప్రింటరు చిన్నగ నాలుక చాపింది.

అప్పటికే నా పవర్ బ్యాంకు చుట్టు
నాలుగు ఫోన్లు,
మేక పొదుగుకు పిల్లలు పడ్డట్టు.
ఊరికి కరెంటు లేక ఆరు రోజులట.
బుచ్చక్కది బటన్ల ఫోను. వెలుగు రాంగనే
అంకీసల చెల్లెకు కొట్టింది.
"ఆ. ఉన్న. తిన్న. పెట్టేస్తున్న."
గంతే.
ఆ ఇటుకను ఇంత దూరం ఎందుకు మోసిననో
పొద్దంతల మొదటిసారి అర్థమైంది.

రాత్రి లాడ్జిల గడియారం మళ్ళా వణికింది:
ఒక్క నిమిషం ఊపిరి మీద ధ్యాస పెట్టు.
పెట్టలే. పద్దెనిమిదిల పదిహేడు అయినయి,
సారుకు జవాబియ్యాలె.
ఫైళ్ళు పంపబోతే సర్వీసు అడిగింది,
మర్యాదగనే అడిగింది:
పదకొండో రికార్డింగుల వెనక శబ్దం బాగా ఉంది.
తీసేయాలా?

గుళ్ళు పెట్టుకొని విన్న.
బుచ్చక్క గొంతు, దాని వెనక మేక,
ఎవరో ఛార్జింగు వైరు అడుగుతుండు,
అన్నిటి వెనక, ఆగకుంట, ప్రాణహిత.
వచ్చిన రాత్రి చప్పుడు లేనిది
పట్టపగలు సాక్ష్యం చెప్పుకుంట కూసున్నది.

వద్దు, అని నొక్కిన.

పచ్చ టిక్కు తీసేసి ఇతరములు పెట్టిన.
వివరాలు రెండు వందల అక్షరాలు దాటొద్దట.
చేత్తోనే కొట్టిన మరాఠీల, రెండుసార్లు తుడిచి:
నీళ్ళు దొంగ లెక్క వచ్చినయి.
కాయలు ఇంకా చెట్టుకే ఉన్నయి.
దొంగ కింద ఎర్రగీత గీసింది ఫోను.
ఉండనిచ్చిన.

ఇవతలి సిమ్ముల సిగ్నల్ లేదు.
అవతలిదానికి మార్చి
కిటికీ ఊచల నడుమ చెయ్యి బయట పెడితే
ఒక్క గీత.

ప్రాణహిత చప్పుడు
ప్రాణహిత దాటి పోతున్నది.
మూడు శాతం.