అరవై ఓమ్‌లు

ముందు తాళం తిప్పాను.
తెర వెలిగింది. పసుపు త్రిభుజం ఒకటి
రెప్ప వేయకుండా నన్నే చూసింది.
ఇంజన్ కంట్రోలర్‌తో సంబంధం లేదు, అంది.
అంతే. ఇంక ఉలుకూ పలుకూ లేదు.

నలైఖ్ దాటాక, బొగ్గు దుమ్ము పట్టిన మంచులో
ఇరవై టన్నుల యంత్రం మెడ వంచుకుని నిలబడి ఉంది.
మైనస్ ఇరవై ఎనిమిది.
గొంబొసురేన్ దాని చుట్టూ తిరుగుతున్నాడు,
గుర్రం పళ్ళు చూడకుండానే
డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వచ్చినవాడిలా.

"స్టార్టవుతుంది. బకెట్ ఎత్తబోతే నీరసపడిపోతుంది.
పంపు మార్చమన్నారు, మార్చాను.
ఇంజెక్టర్లన్నారు, అవీ మార్చాను.
ఇప్పుడు కంప్యూటరే మార్చమంటున్నారు."
ఒక్కొక్క ఖర్చుకీ ఒక వేలు మడుస్తున్నాడు
మందపాటి తొడుగు లోపల.

నేను పంపుని అడగలేదు, ఇంజెక్టర్లని అడగలేదు.
బ్యాటరీ తీగ విప్పి పక్కన పెట్టాను.
సీటు వెనక మూత తీసి
ఒకదాన్నొకటి మెలేసుకున్న రెండు తీగల్ని పట్టుకున్నాను,
ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ.
పంపు అడిగేదీ, ఇంజన్ చెప్పేదీ,
తెర వినేదీ వీటి మీదే.
ఎవరి మాటకైనా దారి ఇదొక్కటే.

దారికి రెండు కొసల్లోనూ
బఠాణీ గింజంత కాపలావాడుంటాడు,
ఒక్కొక్కడు నూట ఇరవై ఓమ్‌లు.
వచ్చిన మాటని తనలో ఇంకించుకోవడమే వాడి పని.
వాడు లేకపోతే మాట గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి
వెనకాల వస్తున్న మాటని పడదోస్తుంది.
ఇద్దరూ కొలువులో ఉంటే మీటరు అరవై చూపాలి.

నూట ఇరవై చూపింది.

తుమెన్, మా అక్క కొడుకు, పదిహేడేళ్ళవాడు,
"రెట్టింపు వచ్చింది, మంచిదే కదా పిన్నీ" అన్నాడు.
ఒకడు లేడురా, అన్నాను.
ఇక్కడ మనిషి తగ్గితే అంకె పెరుగుతుంది.

మూడు గంటలు వెతికాం.
కనెక్టర్లు ఊడదీసి పిన్నుల మీద పచ్చటి చిలుము గీకాను
(అది వేరే పాపం, దీని జోలికి రాదు).
ఎలుక కొరికిన చోటు కనపడితే సంబరపడ్డాను.
లోపలి రాగి చెక్కుచెదరలేదు. సంబరం చల్లారింది.
మొద్దుబారిన వేళ్ళని ఉప్పు టీ గ్లాసుకి చుట్టి
మళ్ళీ యంత్రం కిందకి దూరాను.

కేబిన్ అడుగున, అరిగిన రబ్బరు చాప కింద,
టేపు.
ఇంత పాత యంత్రంలో ఇంత కొత్త టేపు.
విప్పాను.
తెగిన తీగ కొస చీపురులా విచ్చుకుంటుంది.
ఇది నున్నగా ఉంది, కత్తిరించిన గోరులా.
రెండో కాపలావాడు అవతలే ఉన్నాడు, క్షేమంగా,
ఎవరూ రాని దారిని కాస్తూ.

కలిపి టంకం వేశాను. అరవై ఒకటి. చాలు.
బ్యాటరీ. తాళం. త్రిభుజం మాయమైంది,
అంకెలు గలగలమంటూ వచ్చేశాయి.

అక్కడితో ఆగి ఉండాల్సింది.
లాప్‌టాప్ తగిలించి ఇంజన్ని వయసడిగాను.
తెర మీద ఆరువేల రెండువందల నాలుగు గంటలు.
ఇంజన్ చెప్పింది పంతొమ్మిదివేల నాలుగువందల పన్నెండు.

కుర్ర యంత్రం తెరని తెచ్చి ముసలిదానికి తొడిగారు.
ఇద్దరూ మాట్లాడుకుంటే గుట్టు బయటపడుతుందని
మధ్యన దారి కోసేశారు.

గొంబొసురేన్ చాలాసేపు ఆ రెండంకెల్నీ చూశాడు.
నూట నలభై గొర్రెలు, ఆరు గుర్రాలు, బావమరిది దగ్గర అప్పు.
తుమెన్‌ని కేబిన్‌లోకి ఎక్కించి, లివర్లు చూడమని,
నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.
"చెల్లెమ్మా, ఆ తీగ మళ్ళీ
ఎలా ఉన్నదాన్ని అలా చెయ్యొచ్చా?
వసంతంలో అమ్మేస్తాను."

కత్తెర నా జేబులోనే ఉంది. అతనికీ తెలుసు.
నేను మార్కర్ తీశాను. సిరా గడ్డకట్టింది,
నోటి ఆవిరితో కరిగించి
అతుకు మీది టేపు పైన తేదీ రాశాను,
కింద నా పేరు, దులమ్‌జావ్, పూర్తిగా.
అతను చదివాడు. ఏమీ అనలేదు.

"పిన్నీ, ఎత్తుతోంది!" అని పైనుంచి అరిచాడు తుమెన్.
ఇద్దరం అటు చూశాం.
బకెట్ నిండా నిన్నటి మంచు.