మొగిలి ఆర్ట్స్, సుబేదారి

ఫ్లెక్సీలు అచ్చినంక నా కాడికి ఎవ్వరు రారు.
బండి నంబర్లు, ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రె బొమ్మ,
ఎప్పుడన్న ఒక సమాధి రాయి.
గట్లాంటిది మొన్న పొద్దుగాల
జన్ను కొమ్మాలు బిడ్డను ఎంటబెట్టుకొని అచ్చిండు.
రెండడుగుల రేకు. ఆకుపచ్చ మీద తెలుపు.
"మా శిరోమణి పేరు రాయాలె మొగిలన్నా,
పేరు కింద ఆమె కొలువు."

పేరు అల్కగనే పడ్డది.
కొలువు కాడ కుంచె ఆగింది.

చాక్‌పీసుతోటి సైనికుడు అని గీసిన.
చివర 'డు', నాలుక మడిచి కొట్టే దెబ్బ,
డప్పు అంచు మీద సిర్ర పడ్డట్టు.
తుడిచి సైనికురాలు అని గీసిన.
రేకు సాలలే. 'లు' అంచు దాటి కిందికి జారింది.
"రాలు అంటే ఏంది, రాలిపోవుడా?"
కొమ్మాలు మొఖం చిట్లించిండు.

పక్కన ఛాయ్ తాగే పింఛను హవల్దారు కట్టమల్లు అన్నడు:
"జవాన్ అని రాయరాదు.
ఆడైతేంది మొగైతేంది, పరేడ్‌ల బూటు చప్పుడు ఒక్కటే."
ఇస్త్రీ డబ్బ కాడి రహీమా బీ నవ్వింది:
"జవాన్ అంటే వయసు మీదున్న పిల్లగాడు భాయ్, మా బోలీల."
మీదింట్ల తెలుగు సారు దిగి అచ్చిండు:
"నాయక్ అంటే నాయకుడు. ఆడవాళ్లకు నాయిక."
"నాయికంటే సినిమాల ఎగిరేదా సార్?"
గోడకు ఒరగకుంట నిలబడ్డ శిరోమణి
అప్పుడు నోరు తెరిచింది.
"కోటల రాతి మీద మొగ పేరు చెక్కించుకొని
రాజ్యమేలిన ఆమె లేదా మన ఊరికి?"
"గప్పుడు గట్ల చెక్కించుకునుడు పడ్డది సార్.
నా సర్వీసు బుక్కుల నా పేరే ఉన్నది."

ఆ రాత్రి నిద్ర పట్టలే.
నలభై ఏండ్ల సంది అక్షరాలు దిద్దుతున్న,
వాటి తోకలు ఎన్నడు సూడలే.
కొడుకు అచ్చిండు. బిడ్డ అచ్చింది.
బర్రె అచ్చింది, బస్సు అచ్చింది, కరెంటు అచ్చింది.
ఆడది ఒక్కతె ఉంటే బర్రెతోని జమ.
ఇంకొకామె కలిసినంకనే
అచ్చిన్రు,
గుంపైతేనే మనుషులు.
ఇన్నేండ్లు ఈ నోటితోటే అన్న
మా అవ్వను, మా ఇంటామెను.

నా పేరే సూడు, మొగిలి.
మొగ అని మొదలైతది,
తీరా సూస్తే పువ్వు.

తెల్లారేసరికి దొరికింది: సిపాయి!
అమ్మాయిల 'యి', అబ్బాయిల 'యి',
సిపాయిల గదే 'యి'.
ఎంత సంబురమంటే ఛాయ్ తాగకుంటనే
కొమ్మాలింటికి ఉరికిన.

శిరోమణి బూట్లకు పాలిష్ పెడుతున్నది.
మొత్తం ఇన్నది.
నల్లటి వేలుతోటి భుజం కింద సూపెట్టింది.
"సిపాయి కింది కొలువు కాకా.
నాకు గీత పడ్డది. లాన్స్ నాయక్.
దాని కోసం ఎంత ఎండల ఉరికిన్నో నాకెరుక.
గీతకు తోక లేదు.
రాత్రి గేటు కాడ సప్పుడైతే కౌన్ హై అంటం.
మన మాటల ఎవరు.
ఎవడు గాదు, ఎవతె గాదు."

రాసిన. లాన్స్ కాడ వత్తు పొట్ట జర ఎక్కువైంది,
దిద్దుదామంటే రంగు ఆరింది.
కొమ్మాలు బోర్డు సంకల పెట్టుకున్నడు.
కాజీపేట బండి అందుకోవాలెనని
ఆమె ఆటో ఎక్కింది. ఆటో కదిలింది.

ఇంటికి ఫోన్ కొట్టిన.
ఇయ్యాల బోణీ అయింది,
మిలిటరీల నుంచి అచ్చిం…

నోరు ఆగింది.

అచ్చిన్రు, అన్న.

"ఎంతమంది?" అన్నది మా ఇంటామె.

ఒక్కరే.