తవుడుకి కొన్న పేరు

ముందు కత్తి కిర్రుమంది.
మైనం దిమ్మలోంచి రిబ్బన్‌లా రావాల్సిన పొర
నడిమికి చిరిగింది.
"రాయుంది మేడమ్" అన్నాడు సన్నాసిరావు,
అన్నంలో పంటికింద తగిలినట్టు మొహం పెట్టి.

కరెంటు అప్పుడే పోయొచ్చింది.
కిటికీ అవతల నాగావళి ఇసుక
ఎవరిదీ కానట్టు తెల్లగా పడుంది.

సీసా మీద పేరు: బమ్మిడి తవిటమ్మ, యాభై ఎనిమిది.
పలాస. జీడిపప్పు బట్టీలో పని.
మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట
నిమ్మకాయంత గడ్డ.
మూడు నెలల్లో పెరిగింది.

ఆ చివరి మాటే నన్ను ముందుగా పట్టుకుంది.
పది రోజుల కిందట సూదితో లాగిన చుక్కలో
నల్లగా, గుంపులుగా కణాలు,
కిరసనాయిలు లైన్లో జనంలా
ఒకదాన్నొకటి తోసుకుంటూ.
రాసేశాను:
"క్యాన్సర్ కావచ్చు. గడ్డ మొత్తం తీసి పంపండి."

'కావచ్చు' నాకు గొడుగు.
ఆవిడకి మాత్రం
ఆమదాలవలస నుంచి పలాస దాకా పాసింజర్ రైల్లో
ఒళ్లో పెట్టుకు మోసుకెళ్లిన నిప్పు.

రాయిని రాత్రంతా యాసిడ్‌లో నానబెట్టాం.
పొద్దుటికి మెత్తబడింది.
ఇంకా లోపలికి కొయ్యి, అన్నాను.
ఇంకా.

ఊదాలో, గులాబీలో మునిగి ఆరిన
పదకొండో గాజుపలక.
అంచున అవే గుంపులు, అదే తోపులాట.
వెంట్రుకవాసి పక్కకి జరిపాను.

అక్కడ సందడి ఆగిపోయింది.
లేతగులాబీ గోడలు, వరసలు వరసలుగా.
గోడల మధ్య కేంద్రకం ఉండాల్సిన చోట
గుండ్రటి ఖాళీ.

పుస్తకాల్లో వీటిని నీడ కణాలంటారు.
నాకు మాత్రం బట్టీ వెనక గుట్టపోసిన
జీడి గుల్లలు కనిపించాయి.
ఒక్క దెబ్బకి చీల్చి, పప్పు తీసుకుని
విసిరేసినవి.
జుట్టవుదామని బయల్దేరి
వెంట్రుక కాలేక, మరేదీ కావడం చేతకాక
గుల్లై, రాయై, కూలబడినవి.

అయినా నమ్మలేదు.
పక్క పొలం గట్టు దాటిందా? లేదు.
నరాన్ని చుట్టుకుందా, నెత్తుట్లోకి దిగిందా?
లేదు, లేదు.
విశాఖలో ఉన్న మా మేష్టారికి రెండు పలకలు పంపాను.
ఫోన్లో ఆయన: "అనుమానించావు, మంచిదే.
ఇప్పుడిక మానెయ్."

తవిటమ్మ అని మా వైపు
ముచ్చటపడి ఎవరూ పెట్టరు.
ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే
పసిగుడ్డుని చేటలో పడుకోబెట్టి పక్కింటికిచ్చి,
గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంటారు.
ఇది తవుడుపాటి చెయ్యదు, నీకెందుకు, అని
చావుకి చెప్పడం.

యాభై ఎనిమిదేళ్లు చావు ఆ మాట నమ్మింది.
ఇక్కడ నమ్మింది నేను:
ఏమీ చెయ్యని గడ్డ
చావు మొహం తగిలించుకొస్తే.

గురువారం వచ్చింది.
జీడి జిడ్డుకి నల్లబడి పొట్టు లేచిన వేళ్లు
బల్లమీద పెట్టి కూర్చుంది.
ఆ వేళ్లని ఏనాడూ ఎవరూ పరీక్షకి పంపలేదు.

"క్యాన్సర్ కాదమ్మా."
"కాదా?"
"కాదు."
"మరైతే ఏటది?"
తెలుగులో దానికి పేరు లేదు.
"జుట్టవ్వబోయి అవ్వని గడ్డ" అన్నాను.

చాలాసేపు మెడ వెనక కుట్లు తడుముకుంది.
"పది దినాలై ముద్ద దిగనేదు తల్లీ.
ఉంతానో పోతానో అని
నా కమ్మలు మనవరాలికిచ్చీసినాను.
ఇప్పుడు ఎనక్కి అడిగితే బాగుంతాదేటి?"

దీనికి ఏ పలక మీద వెతకాలో
నాకు తెలీలేదు.
ఆర్నెల్లకోసారి చూపించుకోమని రాసి
'కావచ్చు' లేకుండా
సంతకం పెట్టాను.