రెండో తేదీ

నా పుట్టినరోజు నాది కాదు.
బడిలో చేర్చేనాడు అమ్మను అడిగినారంట, ఎప్పుడు పుట్టిందని.
పీర్లు గుండం దిగిన వారానికి,
మామిడిపండ్ల దినాల్లో, అనింది అమ్మ.
అయివారు పెన్ను మూత తీసి కాసేపు గోడకు చూసి
(గోడ మీద బోసినోటి తాత పటం)
"అక్టోబరు రెండు. ఎవురూ మర్చిపోరు, పైగా సెలవు"
అని రాసేసినాడు.

అట్లా ఒక మహాత్ముని పుట్టినరోజులో
నాకూ ఓ మూల చాప పరిచినారు.
జై జవాన్ అన్న పొట్టాయన
ముందే అక్కడ సర్దుకొని కూర్చున్నాడని
పెద్దయినాక తెలిసింది.

సెలవు దినాన పుట్టినోళ్ల కష్టం సెలవుకు తెలీదు.
చాక్లెట్లు పంచేదానికి బడి ఉండదు,
కొత్త గౌను చూసి కుళ్లుకునే పిల్ల ఉండదు.
అన్నిటికన్నా, మటన్ అంగళ్లు మూత.
దూదేకులోళ్ల ఇంట్లో పుట్టినరోజుకు పప్పు, వంకాయ!
నేను ఏడిస్తే నాయన చేతిలో పని ఆపి
"ఆ తాత నూలు వడికినాడు, మనం దూది ఏకుతాం.
ఒక ఇంటోళ్లమే లే, ఒక్కదినం ఓర్చుకో మే" అనేవాడు.
నెత్తి మీద దూది, కనురెప్పల మీద దూది.
ఓర్చుకునేదాన్ని.

జేజి లెక్క ఇంకో తీరు.
రెండో తేదీ అంటే ఆమెకు
కర్నూలుకు రాజధాని వచ్చిన మర్నాడు.
గుడారాల నిండా ఆఫీసర్లు,
ఆఫీసర్లకు పండుకునేదానికి పరుపుల్లేవు.
జేజినాయన ఇరవైయారు పరుపులు కుట్టినాడు,
బొటనవేలిలో సూది విరిగినా ఆపకుండా.
"దుడ్లు?" అంటే
"రాజధానితోబాటే హైదరాబాదు పోయినాయి"
అనేది జేజి, తమలపాకు ఈనె తీస్తా.

రెండువేల తొమ్మిది. శుక్రవారం.
రాసిన లెక్కలో నాకు పదమూడు నిండిన దినం.
ఈసారి నాయన మాట ఇచ్చినాడు,
ఖురేషీ మామతో మాట్లాడి
వెనక వాకిలి నుంచి దొంగగా అర కిలో తెస్తానని.

హంద్రీ వచ్చింది.
దాని వెనకనే తుంగభద్ర.
అంగట్లో దూది నీళ్లు తాగింది.
ఊదితే ఎగిరే సరుకు
ఒక్కో మూట ఎనుమంత బరువైంది.
నలుగురు పట్టినా కదల్లే.
నాయన నడుం లోతులో నిలబడి మూటను తట్టి
"రా" అన్నాడు, మనిషిని పిలిచినట్టు.
అమ్మ చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

మిద్దె మీద పదహారు మందిమి.
పక్కింటి రంగనాయకులు సారు, నెత్తిన ఇంటి పత్రాల సంచి.
జేజి, ఆమె ఆకుల డబ్బా.
ఖురేషీ మామ.
ఖురేషీ మామ మేకలు నాలుగు.
కోసేవాడూ, కోయాల్సినవీ
ఒక్క టార్పాలిన్ కింద.
వీధిలో నుంచి సిలిండర్లు, చెప్పులు, ఎవరిదో ఊయల
దారి తెలిసినట్టే పోతుండె.
నడిరాత్రి జేజి ఉన్నట్టుండి నవ్వింది:
"ఈ పొద్దు కోత లేదు కద మే, సెలవు."
ఖురేషీ మామ కూడా నవ్వబోయి
గడ్డం తుడుచుకున్నాడు.

చలి.
నల్లమేక ఒకటి నా వీపుకు ఆనుకునింది.
దాని గుండె నా వీపులో కొట్టుకుంటుండె,
నాది ఏదో దానిది ఏదో తెలీలే.

ఇప్పుడు ఏ కౌంటరు కాడ పుట్టిన తేదీ చెప్పినా
బయటూరోళ్లు "ఓ, గాంధీ జయంతి!" అంటారు.
కర్నూలోళ్లు రాసేది ఆపి
"ఆ పొద్దు మీరు ఏ మిద్దె మీద ఉంటిరి?" అంటారు.
నేను చెప్తా. వాళ్లు చెప్తారు.
వెనక వరసలో నిలబడినోళ్లు కూడా చెప్తారు.
పని ఆలస్యమైతాది, ఎవురూ కసురుకోరు.

ఆదివారానికి నీళ్లు తీసినాయి.
మేకలు బురద మెట్ల మీద
కాళ్లు ఎత్తి ఎత్తి పెడతా దిగినాయి.
నాలుగు దినాలకు ఖురేషీ మామ అంగడి కడుక్కొని తెరిచినాడు.

జేజినాయన ఇరవైయారు పరుపుల మాదిరే
ఆ అర కిలో ఇంకా బాకీ ఉంది.
నేను అడగలేదు.
నల్లమేక సంగతి
ఆయనా చెప్పలేదు.